పాపం, ధర్మశాస్త్రం, కృప: సీమ సంఘాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

కడప, కర్నూలు, అనంతపురం ప్రాంతాల సంఘాల్లో, బైబిలు తరగతుల్లోనూ ఇళ్లలో జరిగే ప్రార్థన కూటాల్లోనూ మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం. మన సీమకు క్రైస్తవ్యం ఒకే దారిన రాలేదు. కడప, గుత్తి, జమ్మలమడుగు ప్రాంతాలకు లండన్ మిషనరీ సొసైటీ వారు, నంద్యాల, ముత్యాలపాడు వైపు ఆంగ్లికన్ మిషనరీలు, కర్నూలుకు అమెరికన్ బాప్టిస్టులు వచ్చారు. రోమన్ కతోలిక సంఘానికి కర్నూలులో 1967లో, కడపలో 1976లో మేత్రాసనాలు, అంటే బిషప్పు పాలించే ప్రాంతాలు, ఏర్పడ్డాయి. పెంతెకొస్తు ప్రార్థన మందిరాలు ఇప్పుడు చాలా పేటల్లో కనిపిస్తాయి. అందువల్ల గోడ పక్క గోడ ఉన్న రెండు ఇళ్లవాళ్లు ఒకే ప్రశ్నకు వేరువేరు జవాబులు నేర్చుకొని ఉంటారు. సంఘాల మధ్య తేడా ఉన్నచోట ఆ తేడాను చెప్పాం. మా సొంత అభిప్రాయం చెప్పినచోట అది అభిప్రాయమేనని తెలిసేలా రాశాం.

పాపం అంటే చెడ్డపని చేయడమేనా?

చెడ్డపని అందులో ఒక భాగం మాత్రమే. యోహాను మొదటి పత్రిక 3:4 "ఆజ్ఞాతిక్రమమే పాపము" అంటుంది. యాకోబు పత్రిక 4:17 ఇంకో అడుగు ముందుకు వేసి, మేలు చేయడం తెలిసి కూడా చేయనివాడికి అది పాపమవుతుందని చెబుతుంది. రోమీయులకు రాసిన పత్రిక 7వ అధ్యాయంలో పౌలు మరింత లోపలికి వెళ్లి, తాను చేయగోరిన మేలు చేయలేకపోతున్నాననీ, చేయకూడదనుకున్న కీడే చేస్తున్నాననీ, తనలో కాపురమున్న పాపమే దీనికి కారణమనీ ఒప్పుకొంటాడు. అంటే చేసిన తప్పు, చేయకుండా వదిలేసిన మేలు, మనిషిని లోపలినుంచి ఏలే ఒక శక్తి, ఈ మూడూ పాపమనే మాటలో ఉన్నాయి. మూడోదాన్ని మరిచి మొదటిదాన్ని మాత్రమే లెక్కపెట్టుకొనేవారికి తర్వాత చెప్పబోయే కృప ఎందుకో బోధపడదు. నాలుగు దురలవాట్లు మానేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది.

ఇక్కడే మన ఊళ్లకు బాగా అవసరమైన మాట ఒకటుంది. మార్కు 7వ అధ్యాయంలో చేతులు కడుక్కోకుండా తినడం గురించి వాదం వచ్చినప్పుడు, బయటినుంచి మనిషి లోపలికి పోయేది ఏదీ అతన్ని అపవిత్రుణ్ణి చేయదనీ, లోపలినుంచి బయటికి వచ్చే దురాలోచన, దొంగతనం, నరహత్య, లోభం, మోసం, అహంకారం వంటివే అపవిత్రం చేస్తాయనీ యేసు చెప్పాడు. కాబట్టి అంటు, మైల, ముట్టు అనే భావాలను పాపమనే మాటలో కలిపి చూడడం క్రైస్తవ బోధకు సరిపడదు. నెలసరి సమయంలో మందిరానికి రావచ్చా అని అక్కాచెల్లెళ్లు మొహమాటపడుతూ అడిగే ప్రశ్నకు కూడా జవాబు ఇదే: నిరభ్యంతరంగా రావచ్చు.

జన్మపాపం అంటే, పుట్టిన బిడ్డ కూడా నేరస్థుడేనా?

ఆదాము పతనంవల్ల మానవజాతి అంతా పాపానికి వంగిన స్వభావంతో పుడుతుందనే విషయంలో పాశ్చాత్య సంఘాలన్నీ దాదాపు ఏకీభవిస్తాయి. ఆదాము చేసిన అపరాధం కూడా బిడ్డ లెక్కలో పడుతుందా అనే దగ్గర తేడాలు మొదలవుతాయి. తూర్పు ఆర్థడాక్సు సంఘాలు మరణాన్నీ బలహీనతనూ వారసత్వంగా పొందామంటాయి గానీ అపరాధాన్ని కాదు. కతోలికులు, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వారు శిశువులకు బాప్తిస్మం ఇస్తారు, బాప్టిస్టులూ పెంతెకొస్తువారూ ఇవ్వరు; ఆ భేదానికి ఈ ప్రశ్న ఒక కారణమే గానీ ఏకైక కారణం కాదు.

ధర్మశాస్త్రం అంటే పది ఆజ్ఞలేనా?

పది ఆజ్ఞలు దాని నడిబొడ్డు. మొత్తంగా మోషే ధర్మశాస్త్రమంటే బైబిలులోని మొదటి ఐదు గ్రంథాలు. యూదుల సంప్రదాయం వాటిలోని ఆజ్ఞలను 613గా లెక్కిస్తుంది. బలులు, పండుగలు, తినదగిన తినగూడని జంతువులు, దొంగతనానికి చెల్లించాల్సిన నష్టపరిహారం, అప్పులపై వడ్డీ, పొలంలో పరిగె ఏరుకొనే పేదల హక్కు, అన్నీ అందులో ఉన్నాయి.

వీటిని నైతిక, ఆచార, పౌర నియమాలని మూడుగా విడదీసి, ఆచార నియమాలు క్రీస్తులో నెరవేరాయనీ, పౌర నియమాలు పాత ఇశ్రాయేలు రాజ్యానికి చెందినవనీ, నైతిక నియమాలు మాత్రం అందరినీ కట్టివుంచుతాయనీ చెప్పడం మధ్యయుగపు వేదాంతి తోమా అక్వీనాస్ నుంచి 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం దాకా కొనసాగిన పద్ధతి. ఆంగ్లికనుల 39 సూత్రాల్లో ఏడోది కూడా ఇదే చెబుతుంది. పద్ధతి పనికొచ్చేదే అయినా, మోషే గ్రంథాల్లో ఈ మూడు విభాగాలకు గీతలు గీసి ఉండవు. లేవీయకాండము 19వ అధ్యాయంలో పొరుగువాణ్ణి నీవలె ప్రేమించుమనే ఆజ్ఞ పక్కనే రెండు రకాల దారంతో నేసిన బట్ట కట్టుకోవద్దనే ఆజ్ఞ ఉంటుంది.

అంకెల విషయంలో ఒక చిన్న చిక్కు చెప్పాలి. కతోలిక విచారణలో (ప్యారిష్‌లో) చదువుకొన్న పిల్లవాడికి ఆరో ఆజ్ఞ వ్యభిచరించవద్దనేది; సి.ఎస్.ఐ. లేదా బాప్టిస్టు బడిలో చదివినవాడికి ఆరోది నరహత్య చేయవద్దనేది. విగ్రహాల మాటను మొదటి ఆజ్ఞలో కలిపి, ఆశించవద్దనే చివరి ఆజ్ఞను రెండుగా చేయడంవల్ల ఈ తేడా వచ్చింది. ఆజ్ఞలు అవే, ఎవరూ ఏదీ తీసేయలేదు.

ఆజ్ఞలు పాటించడంవల్ల రక్షణ రాదంటే, దేవుడు వాటిని ఇచ్చిందెందుకు?

నిర్గమకాండము 20వ అధ్యాయం తెరిచి, పది ఆజ్ఞలకు ముందున్న రెండో వచనాన్ని చదవండి. ఐగుప్తు దాస్యంనుంచి మిమ్మల్ని బయటికి తెచ్చిన దేవుణ్ణి నేనేనని ఆయన మొదట చెప్పి, ఆ తర్వాతే ఆజ్ఞలు చెబుతాడు. ఆజ్ఞలు పాటించండి, అప్పుడు విడిపిస్తానని చెప్పలేదు. విడుదల ముందు, ధర్మశాస్త్రం తర్వాత. గలతీయులకు రాసిన పత్రిక 3:17లో పౌలు ఇదే వరుసను ఇంకా వెనక్కి తీసుకుపోయి, అబ్రాహాముకు ఇచ్చిన వాగ్దానం ధర్మశాస్త్రానికి 430 సంవత్సరాల ముందే ఉందనీ, వెనక వచ్చినది ముందున్న వాగ్దానాన్ని కొట్టివేయలేదనీ వాదిస్తాడు. పాత నిబంధన అంతా ధర్మశాస్త్రం, కొత్త నిబంధన అంతా కృప అని మనవాళ్లు తరచుగా చెప్పే విభజన అందువల్ల నిలవదు.

మరి ధర్మశాస్త్రం చేసే పనేమిటి? "ధర్మశాస్త్రమువలన పాపమనగా ఎట్టిదో తెలియబడుచున్నది" అని రోమా 3:20 చెబుతుంది. గట్టు తగాదా వచ్చినప్పుడు సర్వేయరు వచ్చి కొలిచి రాళ్లు పాతితే, ఎవరు ఎవరి చేనులోకి ఎంత జరిగారో ఊరందరి ముందూ తేలిపోతుంది; ఆ కొలత ఆక్రమణను బయటపెడుతుంది గానీ గట్టును వెనక్కి జరపదు, ఆక్రమించినవాడి మనసునూ మార్చదు. కొలత తప్పు కాదు, అది చేయలేని పనిని దానినుంచి ఆశించడమే తప్పు. పౌలు ధర్మశాస్త్రాన్ని పరిశుద్ధమైనదని ఒకచోటా, అది రక్షించలేదని ఇంకోచోటా చెప్పడంలో వైరుధ్యం లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

దీనికి తోడు 16వ శతాబ్దపు సంస్కర్త కాల్విన్ ధర్మశాస్త్రానికి మరో రెండు ఉపయోగాలు చెప్పాడు: సమాజంలో దుర్మార్గాన్ని అదుపుచేయడం, ఇప్పటికే విశ్వసించినవారికి దేవునికి ఇష్టమైన నడవడి ఏదో చూపించడం. ఈ చివరిదానిపై లూథరన్లలో చాలాకాలం చర్చ నడిచింది. 1577 నాటి వారి ఏకీభావ ప్రమాణం దాన్ని అంగీకరించింది.

కృప అంటే ఏమిటి? దాన్ని సంపాదించుకోవడానికి మనిషి చేయవలసింది ఏమైనా ఉందా?

కృప అంటే మనిషి అర్హతతో నిమిత్తం లేకుండా దేవుడు తనంతట తాను చూపే దయ, ఆ దయతో మనిషిలో జరిగించే పని. సంపాదించుకొంటే అది కూలి అవుతుంది. "పాపమువలన వచ్చు జీతము మరణము" అన్న వెంటనే పౌలు నిత్యజీవాన్ని జీతమనకుండా కృపావరమని ఎందుకన్నాడో గమనించాలి.

అయితే మనిషి వంతు ఎంత అనే ప్రశ్న సంఘాన్ని ఎన్నో శతాబ్దాలు కుదిపింది. ఆజ్ఞ ఇచ్చాడంటే పాటించే శక్తి మనిషికి ఉన్నట్టే కదా అని 5వ శతాబ్దం తొలినాళ్లలో పెలాగియస్ అనే సన్యాసి వాదించాడు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో బిషప్పు అగస్టీను దాన్ని ఎదిరించి, దేవుడు ఆజ్ఞాపించినదాన్ని చేసే శక్తి కూడా ఆయనే ఇవ్వాలన్నాడు. 418లో కార్తేజి సభ పెలాగియస్ బోధను తోసిపుచ్చింది; విశ్వాసానికి మొదటి కదలిక కూడా కృపవల్లనే కలుగుతుందని 529లో ఆరెంజ్ సభ తేల్చింది. కాబట్టి కతోలికులు క్రియలవల్ల రక్షణ అంటారు, ప్రొటెస్టంట్లు కృపవల్ల అంటారు అని మన ప్రసంగాల్లో వినిపించే మాట సరైనది కాదు. ఆ మాట ఎంత తొందరగా మానుకొంటే అంత మంచిది.

అసలు తేడా ఇంకోచోట ఉంది. 1517 తర్వాత జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్, క్రీస్తు నీతిని దేవుడు విశ్వాసి లెక్కలో వేసి అతన్ని నీతిమంతుడిగా తీరుస్తాడనీ, అది విశ్వాసం ద్వారా మాత్రమే కలుగుతుందనీ బోధించాడు. 1547లో కతోలికుల ట్రెంట్ సభ, నీతిమంతుడుగా తీర్చడమంటే లెక్కలో వేయడమే కాక మనిషిని లోపల నిజంగా మార్చడం కూడానని, కృపచేత కదిలిన మనిషి దానితో సహకరిస్తాడని నిర్ణయించింది. సుమారు నాలుగున్నర శతాబ్దాల తర్వాత, 1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కతోలిక సంఘం, లూథరన్ ప్రపంచ సమాఖ్య కలిసి, మన పుణ్యంవల్ల కాక కేవలం కృపవల్లనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్డ్ సంఘాలు దానితో కలిశాయి. తేడాలన్నీ తీరిపోలేదు గానీ, ఒకరినొకరు శపించుకొన్న పాత తీర్పులు ఈ ప్రకటనలో చెప్పిన బోధకు వర్తించవని ఒప్పుకొన్నారు.

పాపం, కర్మ ఒకటేనా? చేసిన పాపం చెబితే పోతుందా?

రెండింటికీ పోలిక ఉంది: చేసినదానికి ఫలితం ఉంటుందని రెండూ నమ్ముతాయి, విత్తినదే కోస్తామని పౌలు కూడా అన్నాడు. కర్మ సిద్ధాంతంలోనూ దైవానుగ్రహానికి చోటిచ్చిన సంప్రదాయాలు ఉన్నాయి గనుక, వాళ్లది కర్మ, మనది కృప అని తేలిగ్గా తీసిపారేయడం తగదు. క్రైస్తవ బోధలో పూర్వజన్మ లేదు. పాపం ప్రధానంగా దేవునితోనూ పొరుగువానితోనూ చెడిన సంబంధం కాబట్టి దాన్ని తీర్చేది కూడా ఒక వ్యక్తి చూపే క్షమాపణే.

చేసిన పాపం చెబితే పోతుందనే సామెతకు వస్తే, ఒప్పుకోలు అవసరమే. కతోలికులు గురువు దగ్గర చేసే పాపసంకీర్తనాన్ని సంస్కారంగా పాటిస్తారు. మరణకరమైన పాపానికీ స్వల్పమైన పాపానికీ తేడా చూపిస్తారు. ఇతర సంఘాల్లో అందరూ కలిసి చేసే ఒప్పుకోలు ఉంటుంది. ఎక్కడైనా పాపాన్ని తీసివేసేది చెప్పడమనే క్రియ కాదు, వినేవాని దయ.

వానలు పడకపోవడం మన పాపాలకు శిక్షా? వంశ శాపాల మాటేమిటి?

దేశంలోకెల్లా తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. పూత మీద ఉన్న వేరుశనగ కళ్లముందే వాడిపోతున్నప్పుడు ఈ ప్రశ్న అడగని రైతు ఉండడు. ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయంలో, ఆజ్ఞ మీరితే ఆకాశం ఇత్తడిలా మారుతుందని ఇశ్రాయేలు జనాంగానికి చెప్పిన హెచ్చరిక ఉన్నమాట నిజమే, బోధకులు దాన్నే ఎత్తి చూపుతారు కూడా. కానీ అది ఆ నిబంధనలో ఆ జనాంగం మొత్తానికి చెప్పినది. ఒక మండలంలోని ఒక రైతు బోరు ఎండిపోయిందంటే అతని ఇంట్లో ఏదో పాపం దాగి ఉందని తేల్చే సూత్రం కాదు. వాన నీతిమంతులమీదా అనీతిమంతులమీదా పడుతుందని మత్తయి 5:45 చెబుతుంది. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోయినప్పుడు, వాళ్లు యెరూషలేములో ఉన్న మిగతావారికంటే ఎక్కువ పాపులనుకొంటున్నారా, కాదు అని లూకా 13లో యేసే తేల్చి చెప్పాడు. అప్పులపాలైన రైతుకు ఓదార్పు చెప్పడానికి వెళ్లి పాపం ఒప్పుకొమ్మని ఒత్తిడి చేసేవారు, యోబు స్నేహితులు చేసిన పనే చేస్తున్నారు. ఆ గ్రంథం చివర దేవుడు కోపించింది ఎవరిమీదో చదువుకోవాలి.

వంశ శాపాలు తెంచుతామని ప్రత్యేక కూటాలు పెట్టేవారు యెహెజ్కేలు 18వ అధ్యాయాన్ని సాధారణంగా చదవరు. తండ్రులు పుల్లని ద్రాక్షలు తింటే పిల్లల పళ్లు పులిశాయనే సామెతను ఇకమీదట పలకవద్దని దేవుడు అక్కడ ఆజ్ఞాపించాడు. యోహాను 9లో పుట్టుగుడ్డివాడి విషయంలోనూ, వీడు గానీ వీని తల్లిదండ్రులు గానీ చేసిన పాపం కారణం కాదన్నాడు యేసు. తండ్రి తాగుడు, అప్పు, పగ పిల్లలమీద పడే మాట వాస్తవమే. అది అన్యాయంగా మోయవలసి వచ్చిన భారమే గానీ దేవుడు ఆ పిల్లలమీద మోపిన నేరం కాదు.

కృప ఉందిగా అని పాపం చేస్తే?

"కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా? అట్లనరాదు" అని రోమా 6 మొదట్లోనే జవాబు ఉంది. ఈ ప్రశ్న పౌలు కాలంలోనే పుట్టింది. విశ్వాసికి ధర్మశాస్త్రం బోధించనక్కరలేదని లూథర్ శిష్యుడు జొహాన్ అగ్రికోలా వాదించినప్పుడు, 1537 నుంచి లూథరే అతనికి వ్యతిరేకంగా చర్చలు నడిపాడు. కృపను ప్రకటించిన మనిషే ధర్మశాస్త్రాన్ని వెనకేసుకొచ్చాడని గుర్తుంచుకోవాలి.

హత్య చేసినవాడు మారుమనస్సు పొందితే క్షమాపణ ఉందా? అతను కోర్టు శిక్ష తప్పించుకోవచ్చా?

మన జిల్లాల్లో ఇది ఊహించి అడిగే ప్రశ్న కాదు. వర్గ కక్షల్లో తండ్రినో అన్ననో పోగొట్టుకొన్న ఇంటివాళ్లూ, కొడవలి పట్టిన ఇంటివాళ్లూ ఒకే మందిరంలో కూర్చొనే ఊళ్లు ఉన్నాయి.

మొదటి భాగానికి జవాబు: ఉంది. దావీదు ఊరియాను చంపించాడు, పౌలు స్తెఫను హత్యకు సమ్మతించాడు; ఇద్దరికీ క్షమాపణ దొరికింది. దొరకదని చెప్పే అధికారం ఏ సంఘానికీ లేదు.

రెండో భాగానికి జవాబు: కృప నేరాన్ని దాచిపెట్టే ముసుగు కాదు. ధర్మశాస్త్రం ఈ విషయంలో మనం అనుకొనేదానికంటే సూక్ష్మంగా ఉంటుంది. కంటికి కన్ను అనే నియమం పగను రెచ్చగొట్టడానికి ఇచ్చింది కాదు. ఒక కంటికి నాలుగు తలలు తీసే ఆవేశానికి హద్దు గీయడానికి ఇచ్చింది. సంఖ్యాకాండము 35వ అధ్యాయం ఆరు ఆశ్రయపురాలను ఏర్పాటు చేసి, పొరపాటున ప్రాణం తీసినవాడు ప్రతిహత్య చేయవచ్చినవాడినుంచి తప్పించుకొని అక్కడ ఉండవచ్చునంటుంది. పగబట్టి పొంచి ఉండి చంపినవాడికి మాత్రం ఆ రక్షణ లేదు. ఒక్క సాక్షి మాటతో మరణశిక్ష వేయకూడదంటుంది. అన్నిటికంటే మనకు గట్టిగా తగిలేది 31వ వచనం: నరహంతకుడి ప్రాణానికి బదులుగా డబ్బు తీసుకోకూడదు. పెద్దమనుషులు కూర్చొని ఇంత భూమి, ఇంత రొక్కం అని రాజీ చేసి, సాక్షుల్ని అడ్డం తిప్పి కేసు కొట్టివేయించే పద్ధతిని ఆ వచనం నేరుగా నిషేధిస్తోంది. మన దేశ చట్టం ప్రకారం కూడా హత్య రాజీకి వీలులేని నేరమే. అటువంటి రాజీలో సంఘ పెద్దలు చేయి వేస్తే అది తిలాపాపం తలాపిడికెడు అవుతుంది.

మరి బాధితుల వైపు? క్షమించమని వారిమీద ఒత్తిడి తెచ్చే హక్కు హంతకుడికి గానీ అతని తరఫున వచ్చే కాపరికి గానీ లేదు. వారు పగ తీర్చుకోకుండా ఉండడమే ఒక పెద్ద విధేయత; కోర్టులో నిజం చెప్పడం పగ తీర్చుకోవడం కాదు. తిరిగి ఇవ్వగలిగినది ఉంటే ఇచ్చేయాలి. సుంకరి జక్కయ్యను ఎవరూ అడగకుండానే ఆస్తిలో సగం బీదలకూ, అన్యాయంగా తీసుకొన్నదానికి నాలుగంతలూ ఇస్తానన్నాడు. ఆ తర్వాతే రక్షణ ఆ ఇంటికి వచ్చిందన్న మాట వినబడింది గనుక దాన్ని రక్షణకు వెల అనుకోకూడదు. యేసు ఆ ఇంటికి రావడమే ముందు జరిగింది.

కానుకలు, దశమభాగం ఇస్తే పాపం పోతుందా?

పోదు. డబ్బిచ్చి దేవుని వరం కొనాలనుకొన్న గారడీ సీమోనుకు పేతురు ఇచ్చిన జవాబు అపొస్తలుల కార్యములు 8లో ఉంది. దశమభాగం ఇవ్వనివారు శాపగ్రస్తులని మలాకీ 3ను చదివి భయపెట్టేవారు, ద్వితీయోపదేశకాండము 14 చివరి వచనాలు కూడా చదవాలి: మూడేళ్లకొకసారి ఆ పదోవంతు ఊళ్లోనే ఉంచి లేవీయులూ పరదేశులూ తండ్రిలేనివారూ విధవరాండ్రూ తిని తృప్తిపొందేలా పెట్టాలి. కొత్త నిబంధనలో 2 కొరింథీయులకు 9:7 ప్రకారం సణుక్కోకుండా, బలవంతం లేకుండా ఇవ్వడమే పద్ధతి.

కోతపండుగనాడు మన పల్లె మందిరాల్లో జరిగేది చూడండి. బలిపీఠం ముందు వేరుశనగ బస్తా, కొర్రల మూట, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన నాటుకోడి, ఒక ముసలమ్మ చెంగున కట్టి తెచ్చిన పిడికెడు కందులు ఉంటాయి. ఆరాధన అయ్యాక వేలంపాట మొదలవుతుంది, పది రూపాయల గుమ్మడికాయ నవ్వుల మధ్య అయిదువందలకు పోతుంది. అది కృతజ్ఞత. ఆ ఏడాది పంట లేక వట్టి చేతులతో వచ్చినవాడు వెనక బెంచీలో తల వంచుకొని కూర్చోవలసి వస్తే, అప్పుడది కృతజ్ఞత హద్దు దాటిందని మా అభిప్రాయం.

కుల ధ్రువపత్రంలో ఒక మతం, మందిరంలో ఒక మతం. ఇది అబద్ధ సాక్ష్యమా?

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే ఉండి, 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ విస్తరించింది, క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో షెడ్యూల్డు కులాలనుంచి క్రైస్తవులైనవారు బి.సి.-సి వర్గంలో, ఒక శాతం రిజర్వేషన్‌లో ఉన్నారు. మతం మారినంత మాత్రాన ఊళ్లో అవమానం పోలేదు గనుక, ఈ నియమం అన్యాయమని చాలామంది క్రైస్తవులు చాలాకాలంగా పోరాడుతున్నారు. ఆజ్ఞ ఆజ్ఞే, అబద్ధం చెప్పడాన్ని నిజమనలేం. అయితే ఆ అబద్ధంలోకి మనిషిని నెట్టిన వ్యవస్థను మాటాడకుండా వదిలేసి, ఒక విద్యార్థినిని మాత్రం పీఠంమీదనుంచి దోషిగా నిలబెట్టే బోధకుడు ధర్మశాస్త్రంలో సగమే చదివాడు. ఎవరి మనస్సాక్షితో వారు, సంఘం తోడుగా, తీర్మానించుకోవలసిన విషయమిది.

సంఘంలో కులం పాటించడం పాపమా, ఆచారమా?

పాపమే. గలతీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయం ఇందుకు ఆధారం. అంతియొకయలో పేతురు మొదట అన్యజనులైన విశ్వాసులతో కలిసి భోజనం చేస్తుండేవాడు. యెరూషలేమునుంచి యాకోబు దగ్గరివారు కొందరు వచ్చేసరికి, వాళ్లేమనుకొంటారోనని భయపడి లేచి వేరుగా కూర్చొన్నాడు. అతన్ని చూసి మిగతా యూదులూ, చివరికి బర్నబా కూడా, అలాగే చేశారు. పౌలు అందరి ఎదుటా పేతురును నిలదీశాడు. వాళ్లు సువార్త సత్యానికి సరిగా నడవడంలేదన్నాడు. ధర్మశాస్త్ర క్రియలవల్ల ఏ మనిషీ నీతిమంతుడుగా తీర్చబడడనే ప్రసిద్ధమైన మాట, అంటే లూథరు మొదలుకొని అందరూ ఎత్తి చెప్పే మాట, ఆ పత్రికలో ఈ భోజనపు తగాదా వెంటనే వస్తుంది.

మన దగ్గర కృపను గురించిన పాఠాలు చాలావరకు ఈ సందర్భాన్ని వదిలేసి ఆ వచనాన్ని మాత్రమే చదువుతాయి. అందువల్ల కృప అంటే నాకూ దేవునికీ మధ్య లెక్క తీరిపోవడమని అర్థమైపోయింది. పౌలుకు అది అంతకంటే పెద్దది: పుట్టుకవల్లగానీ ఆచారంవల్లగానీ ఎవరూ దేవుని ఎదుట ముందువరుస సంపాదించుకోలేకపోతే, ఒకరి పక్కన కూర్చొని తినడానికి వెనకాడే కారణం కూడా ఎవరికీ మిగలదు. క్రిస్మసునాడు ఆశీర్వచనం కాగానే, ప్రేమవిందుకు విస్తర్లు పరుస్తుండగా, చెప్పులు తొడుక్కొని మెల్లగా గేటు దాటి వెళ్లిపోయే కుటుంబం ఒకటి చాలా సంఘాల్లో ఉంటుంది. ఆరోగ్యం బాగోలేదంటారు. అందరికీ కారణం తెలుసు, ఎవరూ అడగరు. ఒకే ఊళ్లో మాలపేటకొక మందిరం, మాదిగపేటకొక మందిరం ఉండడమూ, అగ్రకులంనుంచి వచ్చినవారికోసం విడిగా కూటం పెట్టడమూ, సమాధుల తోటలో హద్దులు ఉండడమూ ఇదే కోవలోకి వస్తాయి. సంబంధాల దగ్గర కులం చూడని విశ్వాస కుటుంబాలు మన సీమలో వేళ్లమీద లెక్కపెట్టేలా ఉన్నాయని చెప్పడానికి బాధగానే ఉంది. తాగుడు మానమని వారంవారం చెప్పే కాపరులు ఈ విషయంలో ఏడాదికి ఒక్క ప్రసంగమైనా చేయాలి.

శనివారం పాటించాలా? ప్రసాదం, పీర్ల పండుగ చదివింపులు తినవచ్చా?

ఏడవదిన ఆడ్వెంటిస్టులు శనివారాన్నే విశ్రాంతిదినంగా పాటిస్తారు. మిగతా సంఘాలు పునరుత్థాన దినమైన ఆదివారం కూడుకొంటాయి. ఒకడు ఒక దినాన్ని ఎక్కువగా ఎంచుతాడు, ఇంకొకడు అన్నీ సమానమంటాడు, ఎవరి మనస్సులో వారు రూఢిపరచుకోవాలని రోమా 14 అంటుంది.

తిండి విషయంలో, సుమారు క్రీ.శ. 49లో జరిగిన యెరూషలేము సభ, అన్యజనులకు సున్నతి అవసరం లేదంటూనే, విగ్రహాలకు అర్పించినవాటినీ రక్తాన్నీ గొంతుపిసికి చంపినదాన్నీ జారత్వాన్నీ మానమంది. పౌలు 1 కొరింథీయులకు 8 నుంచి 10 వరకూ రాసినదాన్ని కూడా కలిపి చూస్తే, విగ్రహం ఒట్టిది గనుక ఆహారం తనంతట తాను చెడ్డది కాదు. కానీ పూజలో పాలుపొందడం తగదు, ఇంకొకరి మనస్సాక్షిని గాయపరచడమూ తగదు. పక్కింటి అత్తమ్మ ఆప్యాయంగా తెచ్చిచ్చిన గిన్నెను మొహంమీద తలుపేసి తిరస్కరించడం ఏ ఆజ్ఞలోనూ లేదు. వద్దనుకొనేవారు మర్యాదగా చెప్పాలి.

క్షమించరాని పాపం ఏది?

మార్కు 3లో పరిశుద్ధాత్మను దూషించడమని ఉంది; యేసులో పనిచేస్తున్న ఆత్మను అపవిత్రాత్మ అని తెలిసితెలిసి అన్నవారిని ఉద్దేశించిన మాట అది. నేను ఆ పాపం చేశానేమోనని భయపడి అడిగేవారు, ఆ భయాన్నిబట్టే, దాన్ని చేయనివారు.

మనసులో పగ ఉన్నప్పుడు, అయోగ్యంగా రొట్టె తీసుకోవడంకంటే మానేయడం మంచిది కాదా?

1 కొరింథీయులకు 11:27కు భయపడి ఏళ్లతరబడి ప్రభుభోజనానికి లేవనివారు మన సంఘాల్లో ఉన్నారు. అక్కడ అయోగ్యమని పౌలు దేన్ని అన్నాడో పైనున్న వచనాల్లో ఉంది: ఉన్నవాళ్లు ముందుగా కూర్చొని తిని తాగుతుంటే, లేనివాళ్లు ఆకలితో నిలబడిపోతున్నారు. పాపం లేనివాళ్లే రావాలని అతను చెప్పలేదు, అలాగైతే బల్ల దగ్గర ఎవరూ మిగలరు. అతను ఇచ్చిన పరిష్కారం కూడా ఒకరికోసం ఒకరు కనిపెట్టుకొని ఉండమనే.

ఆంగ్లికన్ ప్రార్థన గ్రంథపు పాత క్రమంలో 1552 నుంచి ప్రభుభోజనానికి ముందు పది ఆజ్ఞలూ చదివేవారు. ఒక్కొక్క ఆజ్ఞ తర్వాత సంఘం, ప్రభువా మమ్మల్ని కరుణించు, ఈ ఆజ్ఞను గైకొనేలా మా హృదయాలను తిప్పు అనే అర్థంలో జవాబు చెప్పేది. మీరినదానికి కరుణ, ఇకమీద పాటించడానికి శక్తి, రెండూ ఆజ్ఞ విన్న నోటితోనే అడుగుతారు. ఆ తర్వాత ఒప్పుకోలు, క్షమాపణ ప్రకటన, ఆపైన బల్ల.

పగ ఎవరిమీద ఉందో ఆ మనిషి అదే మందిరంలో ఉంటే, మత్తయి 5:24 ప్రకారం ముందు వెళ్లి సమాధానపడాలి. అతను ఒప్పుకోకపోతే మీ వంతు చేసినట్టే, వచ్చి తీసుకోండి. అతను మీకు హాని చేసినవాడై, ఒంటరిగా వెళ్లడం మీకు ప్రమాదమనిపిస్తే, వెళ్లనక్కరలేదు. అయ్యగారినో ఫాదరునో మధ్యవర్తిగా పెట్టుకోవచ్చు.